నోరు మూసుకున్న బండి

అత్తగారు పొయ్యి ముందు నిలబడి కుక్కరు కూతలు లెక్కపెడుతోంది. చేతిలో తడిగుడ్డతో గట్టు తుడుస్తోంది గాని, తుడిచిన చోటే తుడుస్తోంది. చూపు మాత్రం మూత మీది బరువును వదలడం లేదు. ఆ బరువు ఎగిరినప్పుడల్లా ఆమె పెదవులు కదులుతున్నాయి.

చిన్నకోడలు గుమ్మం దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతూ అదంతా చూస్తోంది. కూత లెక్కపెట్టడానికి కళ్ళెందుకో ఆమెకు మొదట్లో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరికీ చెప్పలేదు.

ఇంటి పక్క షెడ్డులోంచి అన్నదమ్ముల గొంతులు వంటింటిదాకా వస్తున్నాయి. పని చేసి పంపిన కారు తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఇదే తంతు. పొద్దున్న మొదలవుతుంది, భోజనాల వేళకు ఆగుతుంది, చేతులు కడుక్కోగానే మళ్ళీ అందుకుంటుంది.

"చెక్క నాది, తోలు నీది. చెక్క దానంతట అది అరవదు," బావగారు అంటున్నాడు.

"తోలు మాత్రం దానంతట అది అరుస్తుందా అన్నయ్యా? రెండూ రాసుకుంటేనే చప్పుడు."

"రాసుకునేలా ఎందుకు వదిలావు మరి?"

"రాసుకునేలా నువ్వెందుకు బిగించావు?"

పెద్దకోడలు నీళ్ళ బకెట్టు దించి నడుం పట్టుకుంది. "ఈ ఇంట్లో మనుషులు ఎంత అరుచుకున్నా పర్లేదు. బండి మాత్రం కిక్కురుమనకూడదు," అంది. అని తనే నవ్వింది. ఆ నవ్వుకు కూడా ఓపిక లేనట్టుంది, సగంలోనే ఆగిపోయింది.

పెద్దకోడలు అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ షెడ్డుకు వచ్చేవన్నీ పెద్ద పెద్ద కార్లు. పాతబడిన సీట్లు, చిట్లిన తోలు, వెలిసిపోయిన చెక్క అంచులు ఊడదీసి, లోపలంతా కొత్తగా చేసి పంపడం వీళ్ళ పని. పెద్దకొడుకుది చెక్కపని. చిన్నకొడుకుది తోలుపని. పోయిన మామగారు ఇద్దరికీ నేర్పింది ఒకటే మాట. "మంచి తోలు డబ్బున్న ప్రతివాడూ కొనగలడురా. తలుపు వేసుకోగానే బయటి లోకం బయటే ఆగిపోవాలి. అందుకే మనదగ్గరికి వస్తారు."

అందుకే ఏ బండి పని అయిపోయినా చివర్న అత్తగారు వెనక సీట్లో కూర్చునేది. కళ్ళు మూసుకునేది. మామగారు బండిని ఆవరణ చుట్టూ, ఆ గతుకుల మీదే తిప్పేవాడు. లోపల ఎవరూ మాట్లాడకూడదు. "ఎడమ తలుపులో, అద్దం దిగే చోట" అని ఆమె అంటే అక్కడ విప్పాల్సిందే. ఏమీ వినపడకపోతే, "బండి నోరు మూసుకుంది" అనేది. ఆ మాట పడ్డాకే గేటు తీసేవారు. మామగారు పోయాక స్టీరింగు పెద్దకొడుకు చేతికి వచ్చింది. వెనక సీటు మాత్రం ఆవిడదే.

కంకర మిల్లు యజమాని కారుకు కూడా ఆ మాట పడింది. పడి నెల దాటింది. ఇప్పుడు ఆ కారు, కుడి తలుపు కిర్రుమంటోందని, తిరిగొచ్చి షెడ్డులో నిలబడింది.

"అసలాయన ఏమన్నాడో తెలుసా?" బావగారి గొంతు ఈసారి గుమ్మం దాకా వచ్చింది. మనిషి కూడా వచ్చాడు. చేతులకు చెక్కపొడి, మొహం నిండా నిద్రలేమి. "'పొద్దస్తమానం రాళ్ళు పగిలే చోట ఉంటానయ్యా, ఇంటికి పోతే పిల్లల గోల. నాకంటూ చల్లగా, చప్పుడు లేకుండా ఉండేది ఈ కారొక్కటే. దాన్నీ మాట్లాడించారు' అన్నాడు. తలెక్కడ పెట్టుకోవాలి? కంకర మిల్లు నడిపేవాడి చెవికి కూడా ఆనిన చప్పుడది!"

గట్టు తుడుస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది.

చిన్నకోడలి మొగుడు వెనకే వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. వేళ్ళ చివర్లు జిగురుతో పసుపుపచ్చగా ఉన్నాయి. "తలుపు విప్పి చూద్దామంటే విప్పనివ్వవు," అన్నాడు అన్నతో.

"విప్పితే జిగురు ఎలాగూ ఊడుతుంది. ఊడాక అది ముందే వదిలిందో, మనం వదిలించామో ఎవడు చెప్పాలి? నువ్వు చెబితే నేను నమ్మను, నేను చెబితే నువ్వు నమ్మవు." బావగారు తల్లివైపు తిరిగాడు. "అమ్మ కూర్చుని విన్నాకే కదా బండి గేటు దాటింది? ఆ రోజు చప్పుడు లేదు. నా చెక్క బిగువైతే ఆ రోజే అరవాలి. ఇన్నాళ్ళకు అరిచిందంటే లోపల తోలు వదులైంది. తోలు వదులైందంటే జిగురు పోయింది. జిగురు ఎవరిది?"

అమ్మ చెవి మీద ఎదురుమాట ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఆడలేదు.

"ఇంకోసారి కూర్చోమ్మా," అన్నాడు బావగారు, కొంచెం తగ్గి. "ఎక్కడుందో ఖాయంగా చెప్పు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

అత్తగారు గుడ్డ పిండి ఆరేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. అంతా అయ్యాక, చిన్నకోడలి వైపు చూసి, "నువ్వూ రా. ఎక్కేటప్పుడు పట్టు కావాలి," అంది.

ఎన్నడూ లేనిది ఆవిడ పట్టు అడిగింది.

*

తలుపు మూసుకున్న చప్పుడు మెత్తగా, బరువుగా పడింది. పక్కింటి రేడియో, వీధిలో కూరగాయల బండివాడి కేక అన్నీ దాంతో తెగిపోయాయి.

చిన్నకోడలు ఈ కారులో కూర్చోవడం ఇదే మొదలు. సీటు మీద చెయ్యి ఆనించింది. తోలు చల్లగా ఉంటుందనుకుంది గాని, కాసేపటికి అరచేతి వేడికే తేలిగ్గా వెచ్చబడింది. కుట్టు మీద వేలు పోనిచ్చింది. ఒక్క కుట్టు పొడవు లేదు, ఒక్కటి పొట్టి లేదు. వంపు తిరిగే చోట కూడా దారం లాగినట్టు లేదు. ఇవి కుట్టింది రాత్రిళ్ళు తన తలకింద ఉండే చెయ్యేనా అనిపించింది ఆమెకు. ఆ చెయ్యి ఈమధ్య నిద్రలో కూడా ఉలిక్కిపడుతోంది.

సీటు అంచు నుంచి తలుపు వరకూ ఒకే తోలు ఒకే గీతలో నడిచినట్టుంది. దాని మీద సన్నటి చెక్క పట్టీ, బావగారు నునుపు చేసింది, నీళ్ళు నిలిచినట్టు మెరుస్తోంది. ఎవరి పని ఎక్కడ ఆగి ఎవరిది మొదలవుతుందో తెలియకుండా చేశారిద్దరూ. అంత కలిసిపోయిన చోటే కిర్రుమంది.

బండి కదిలింది. మొదటి గతుకు. రెండో గతుకు.

కిర్ర్.

ఆమెకు స్పష్టంగా వినపడింది. కుడి తలుపు, మోచెయ్యి ఆనే చోట, పట్టీ కింద. ఎలుకపిల్ల కూసినంత సన్నగా.

అత్తగారి మొహం చూసింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. మొహంలో ఏ కదలికా లేదు. మళ్ళీ గతుకు, మళ్ళీ కిర్ర్. మొహం అలాగే ఉంది. అద్దంలోంచి బావగారి కళ్ళు తల్లినే కనిపెట్టుకుని ఉన్నాయి.

అప్పుడు సీటు మీద, కొంగు చాటున, అత్తగారి చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. నొక్కింది. అడిగినట్టు నొక్కింది.

చిన్నకోడలికి అర్థమైంది. ఆవిడకు తెలుసన్నమాట, తనకు తెలిసిపోయిందని. అందుకే పట్టు అడిగింది.

పెళ్ళై వచ్చిన కొత్తలో, షెడ్డులో అడుగు పెట్టడానికే భయపడుతుంటే, ఈ చెయ్యే ఆమెను పట్టుకుని తీసుకెళ్ళి తోలు మంచిదో కాదో ముట్టుకుని చెప్పడం నేర్పింది. ఆ చెయ్యి ఇప్పుడు చెమట పట్టి ఉంది. చిన్నకోడలు ఇంకేమీ ఆలోచించలేదు. ఆ వేళ్ళు పట్టుకుని కుడివైపుకు జరిపింది. మోచెయ్యిని మెల్లగా తాకింది, దాని కింద పట్టీలా ఒక గీత గీసింది.

"ఆపు," అంది అత్తగారు. కళ్ళు తెరవకుండానే, "కుడి తలుపు. మోచెయ్యి ఆనే చోట. పట్టీ కింద."

బావగారు బండి ఆపి వెనక్కి తిరిగాడు. ఇన్ని రోజులకు ఆయన మొహంలో వెలుగొచ్చింది. "అదీ మా అమ్మ! మిల్లాయన డ్రైవరు, ఆయన మెకానిక్కు, అందరూ చెవులు పెట్టి వెతికినా చోటు చెప్పలేకపోయారు." ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఆ రోజు ఇది లేదు కదమ్మా?"

మగగొంతు. అది ఆవిడకు వినపడింది.

అత్తగారు తన చేతులు ఒళ్ళోకి తీసుకుంది. "ఆ రోజు బండి నోరు మూసుకునే ఉంది," అంది.

అద్దం బయట, గేటు దగ్గర నిలబడి చూస్తున్న మొగుడు చిన్నకోడలికి కనిపించాడు. ఆ రోజు చప్పుడు లేదంటే తప్పు జిగురుదే, తన వేలితో తనే ఆయన మీద తప్పు మోపానని ఆమెకు అప్పుడు తట్టింది.

*

"అత్తయ్యా, ఇటు తిరగండి."

వంటింట్లో ఇద్దరే ఉన్నారు. అత్తగారు కంచాలు తుడుస్తోంది. తిరగలేదు. చిన్నకోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది. నిలబడి అడిగింది, "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"కుక్కరును మీరు చూడటం మొదలుపెట్టినప్పట్నుంచి."

అత్తగారు కంచం పక్కన పెట్టింది. "సన్నవన్నీ పోయాయే. మగవాళ్ళు మాట్లాడితే తెలుస్తుంది. నువ్వు ఎదురుగా ఉంటే తెలుస్తుంది. పిట్టలు లేవు. కూతలు లేవు. పెద్దది వెనక నుంచి ఏమంటుందో కూడా తెలీదు."

"అక్క వెనక నుంచి అనేవి వినపడకపోతేనే నయం," అంది చిన్నకోడలు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది, ఒక్కసారే పోయింది.

"మరి ఆ రోజు, బండి పంపిన రోజు?"

"ఆ రోజు..." అత్తగారు గట్టు అంచు పట్టుకుంది. "ఆ రోజు ఎంత పొంగిపోయానో తెలుసా? ఇన్నేళ్ళలో ఏ బండీ అంత నిశ్శబ్దంగా లేదు. చిన్న పలుకు లేదు. మీ మామగారి చేత కూడా కానిది నా కొడుకులు చేశారనుకున్నాను. కళ్ళు మూసుకుని అలాగే కూర్చోవాలనిపించింది. బండి పోయాక గేటు వేయడానికి వెళ్ళాను. వేశాను. మన గేటు ఎప్పుడైనా కిర్రుమనకుండా ఉందా?"

చిన్నకోడలు కిటికీలోంచి గేటువైపు చూసింది.

"మళ్ళీ తీసి మళ్ళీ వేశాను. అప్పుడు తెలిసింది, నిశ్శబ్దం బండిది కాదని."

"అప్పుడే చెప్పి ఉంటే అత్తయ్యా..."

"చెప్పి?" అత్తగారి గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఈ ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదే. ఇల్లు కట్టేటప్పుడు అడగలేదు. వీళ్ళిద్దర్నీ బడి మాన్పించి షెడ్డులో పెట్టేటప్పుడు అడగలేదు. 'ఏం వినపడింది?' అని ఒక్కటే అడిగేవారు మీ మామగారు. అదొక్కటి అడిగినప్పుడు మాత్రం ఎదురుగా నిలబడి, నేను చెప్పేదాకా నోరెత్తేవారు కాదు. అది కూడా పోతే ఇంక నేనేం చెయ్యను, కంచాలు తుడుచుకోవడం తప్ప?"

"మీ చిన్నబ్బాయి రేపట్నుంచి షెడ్డులోకి రానక్కర్లేదని బావగారు అంటున్నారు. తోలుపనికి బయటి మనిషిని మాట్లాడారట. ఈయన మూడు పూటలా జిగురు డబ్బా ముందే కూర్చుంటున్నారు. తోలు ముక్కలు అంటించడం, లాగి చూడటం. మళ్ళీ అంటించడం, మళ్ళీ లాగడం. చూస్తుంటే నాకే భయంగా ఉంది."

"పెద్దాడిది పాలపొంగు. రెండు రోజులాగితే అదే దిగుతుంది."

"దిగకపోతే?"

అత్తగారు పొయ్యివైపు తిరిగి, తుడిచిన కంచమే మళ్ళీ తీసుకుంది. ఆవిడ అటు తిరిగాక ఇంకేం చెప్పినా గోడకు చెప్పినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చిన్నకోడలు ఆ వీపునే చూసింది. మొగుడికి వెళ్ళి చెప్పేస్తే సరిపోతుంది. ఒక్క మాట. కాని ఆ మాట ఆవిడ నోట రావాలని ఇన్నాళ్ళూ ఎదురుచూసింది, ఇంకొక్క పూట చూద్దామనుకుంది. రోజూ అలాగే అనుకుంటోంది.

*

సాయంత్రం ఇంకా పూర్తిగా చీకటి పడకముందే అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. తలుపుకు వీపు పెట్టి కూర్చునే కుర్చీ అత్తగారిది. పెద్దకోడలు వడ్డిస్తోంది. ఎవరికీ ఆకలి ఉన్నట్టు లేదు.

"బయటి మనిషి ఎల్లుండి వస్తాడు," అన్నాడు బావగారు కంచంలోకి చూస్తూ. "ఆ కారు కుడి తలుపు తోలు మొత్తం తీసేసి మళ్ళీ వేస్తాడు. తర్వాత వచ్చే బండి కూడా అతనిదే. నువ్వేమైనా విడిగా చూసుకో. సూదులు, అచ్చులు నీవే, పట్టుకుపో. నేను కాదనను."

పెద్దకోడలి చేతిలో గరిటె ఆగింది. "అదేం మాటండీ, అన్నం ముందు కూర్చోబెట్టుకుని!"

"ఎప్పుడు చెప్పినా చేదే."

చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. అరుస్తాడనుకుంది. పొద్దున్నుంచి అరిచిన మనిషే కదా. అరిస్తే బావుండుననుకుంది.

ఆయన అరవలేదు. జిగురు మరకలు వదలని తన వేళ్ళను కాసేపు చూసుకున్నాడు.

"నాదే అయ్యుంటుందిలే అన్నయ్యా," అన్నాడు. "అన్ని రకాలుగా చూశాను. జిగురు బాగానే ఉంది. తోలు బాగానే ఉంది. రెండూ బాగుంటే ఇంక మిగిలింది నా చెయ్యే. పట్టు తగ్గిందేమో. నాకు తెలీకుండానే పోయిందేమో."

ఆ మాట అంత నెమ్మదిగా అన్నాడు గనక బావగారు కూడా తలెత్తి చూశాడు. ఎదురుదెబ్బకు సిద్ధమై కూర్చున్న మనిషి, ఏం చెయ్యాలో తోచక నీళ్ళు తాగాడు.

"నీ చెయ్యి పోలేదురా," అంది అత్తగారు.

అందరూ అటు తిరిగారు.

"నా చెవి పోయింది. పోయి చాన్నాళ్ళయింది. ఆ రోజు ఆ బండిలో నాకేమీ వినపడలేదు. అది అరిచిందో లేదో నాకు తెలీదు. నోరు మూసుకుందని ఊరికే అన్నాను."

బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. తల్లికి వినపడలేదంటే చప్పుడు మొదటి రోజు నుంచే ఉండొచ్చు. మొదటి రోజు నుంచీ ఉంటే అది చెక్క బిగువు. లెక్క కట్టింది ఆయనే, ఇప్పుడది ఆయన మీదికే తిరిగింది.

"తమ్ముడి కోసం అంటున్నావు," అన్నాడు చివరికి. "చిన్నాడు కదా అని వెనకేసుకొస్తున్నావు. మధ్యాహ్నం బండిలో చోటు చెప్పలేదూ నువ్వు? కళ్ళు కూడా తెరవకుండా చెప్పావే! చెవి లేకుండానే చెప్పావా?"

అత్తగారు చిన్నకోడలి వైపు చూడలేదు. చూడకూడదని గట్టిగా పట్టుబట్టినట్టు, ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చుంది.

"చెప్పమ్మా. ఎలా చెప్పావు?"

ఆవిడ చెప్పదు. ఆ సంగతి చిన్నకోడలికి ఆ మెడ బిగువులోనే కనపడింది. తనను కాపాడటానికి, నిజం చెప్పి కూడా అబద్ధాలకోరు అనిపించుకోవడానికి సిద్ధపడింది.

"నేను చెప్పాను," అంది చిన్నకోడలు.

"ఏం చెప్పావు?"

"చప్పుడు నాకు వినపడింది బావగారూ. అత్తయ్య చెయ్యి పట్టుకుని చోటు నేనే చూపించాను. అత్తయ్యకు వినపడదని నాకు ముందే తెలుసు."

పెద్దకోడలు గరిటె గిన్నెలో వదిలేసింది. "ఓసి నంగనాచీ! ముందే తెలుసా? ఇక్కడ వీళ్ళిద్దరూ కుత్తుకలు కోసుకుంటుంటే పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టావా?"

చిన్నకోడలు తన మొగుణ్ణే చూస్తోంది. ఆయన మొహంలో ఊరట కనపడుతుందేమోనని వెతికింది. ఇప్పుడే కదా ఆయన చెయ్యి ఆయనకు తిరిగొచ్చింది.

ఆయన కూడా ఆమెనే చూస్తున్నాడు. కోపంగా కాదు. తోలులో ఎక్కడో మచ్చ ఉందని తెలిసి, అది ఇన్నాళ్ళూ కంటికెలా ఆనలేదా అని వెలుతురు కేసి తిప్పి చూసినట్టు చూస్తున్నాడు.

"మీకు చెబుదామనే..." అంది ఆమె.

ఆయన కంచం ముందుకు తోశాడు. లేచాడు. పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు, సబ్బు పెట్టి, నిదానంగా. చిలక్కొయ్యకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకుంటూనే తల్లి కుర్చీ వెనక నుంచి నడిచాడు. అక్కడ ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేస్తాడేమో అనిపించింది. వేయలేదు. చెప్పులు తొడుక్కుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

"ఒరేయ్," అన్నాడు బావగారు, ఆయన వెళ్ళిపోయాక.

చిన్నకోడలు లేవబోయింది.

అత్తగారు ఖాళీ కుర్చీని చూసింది. ఒక్కొక్కరి మొహం చూసింది. అందరి కళ్ళూ తన వెనక, తలుపు మీదే ఉన్నాయి. వెనక్కి తిరగకుండానే చిన్నకోడలి మణికట్టు పట్టుకుంది.

"వెళ్ళేటప్పుడు ఏదో అన్నాడు కదా," అంది. "ఏమన్నాడే?"